పక్క ఫ్రేములోంచి వచ్చిన ఫైలు

"నాలుగోసారి కూడా మూసేశారు!"

టెస్టరమ్మాయి లాప్‌టాప్‌ని ప్రోగ్రామరు బల్ల మీద పెట్టింది. పెట్టింది అనడం మర్యాదకి. పెన్నుల డబ్బా ఎగిరిపడింది.

జనం తమ గొంతు రికార్డు చేసి అయినవాళ్ళకి పంపుకునే వెబ్‌సైటు వాళ్ళ ఆఫీసుది. వచ్చింది నిజంగా గొంతు తాలూకు బైనరీ డేటాయేనా అని చూసే తనిఖీ రాసింది ఇతగాడే. మంచి రికార్డింగుల్ని కూడా అది గెంటేస్తోందని ఆమె బగ్ ఫిర్యాదు రాయడం, "నా దగ్గర బాగానే ఉంది" అని ఇతను మూసేయడం, మూడు వారాలుగా ఇదే తంతు. మూసిన ప్రతిసారీ ఆమె పోట్లాటకి వస్తుందని ఇతనికి లోలోపల సంబరం.

"మీతో నావల్ల కాదు. ఐదింటికి వేరే టీమ్‌కి మారుతూ సంతకం పెట్టేస్తున్నా."

అతను గబుక్కున తలెత్తి చూశాడు. గడియారం నాలుగున్నర చూపిస్తోంది.

"కూర్చోండి. ఒక్కసారి చూపించండి."

"ఈ ముక్క మొదటిసారే అనాల్సింది," అంటూ కూర్చుంది.

ఆమె అసలు పేజీ తెరిచింది. జనం వాడేటప్పుడు రికార్డరు ఆ పేజీ లోపల చిన్న ఫ్రేములో, పేజీలో మరో పేజీలా ఉంటుంది. ఇతను మాత్రం ఎప్పుడూ రికార్డరుని విడిగా తెరిచి చూసుకుని మురిసిపోయేవాడు. ఆమె "హలో" అని రికార్డు చేసి పంపింది. 'ఇది ఆడియో డేటా కాదు' అని ఎర్రగా వచ్చింది.

కోడ్ చూసి అతను తల పట్టుకున్నాడు.

"వచ్చింది అరేబఫరేనండీ, బైనరీ డేటా పట్టే డబ్బా. కానీ లోపలి ఫ్రేములో తయారైంది. ఆ ఫ్రేముకి సొంత అరేబఫర్ ఉంటుంది, పై పేజీది వేరు. నేనేమో ఇది పై పేజీ అరేబఫరేనా అని ఇన్‌స్టాన్స్‌ఆఫ్‌తో అడిగాను. మా పేజీలో పుట్టింది కాదు పొమ్మంటోంది."

"అంటే బాబాయి పక్కింట్లోంచి వస్తే బాబాయి కాడా?"

"కాడన్నాను. నాలుగుసార్లు."

ఆమెకి నవ్వొచ్చింది. పెదవి కొరికి ఆపుకుంది.

అతను ఆ వరస చెరిపేసి, ఎక్కడ పుట్టావని కాకుండా నువ్వెవరివని అడిగే టూస్ట్రింగ్ తనిఖీ పెట్టాడు.

"మరి అదే డేటా యూఇంట్8అరే తొడుగులో వస్తే?" టెస్టరు టెస్టరే.

"అలాంటి తొడుగుల్ని గుర్తుపట్టడానికి ఇజ్‌వ్యూ ఉంది. అదీ పెట్టేశా."

"అయితే మాట్లాడండి," అని మైకు అతని ముందుకు జరిపింది.

అతను మైకు అందుకుని అటు తిరిగి, మైకుకి తప్ప ఎవరికీ వినపడకుండా ఏదో గొణిగాడు.

"ఏమన్నారు?" అంటూనే ఆమె పంపే మీట నొక్కింది. తనిఖీ దాటినట్టు పచ్చగా వెలిగింది. వెళ్ళిన రికార్డింగుని పేజీ తిరిగి వినిపించడంతో స్పీకర్లోంచి అతని గొంతు హాలంతా మోగిపోయింది.

"మీరు వేరే టీమ్‌కి వెళ్ళకండి. తప్పంతా నాదే. మీరంటే నాకు చాలా ఇష్టం."

అందరూ తిరిగి చూశారు. అతని చెవులు కాలిపోయాయి. టీమ్ లీడరు బదిలీ కాగితం పట్టుకుని రానే వచ్చాడు.

"సంతకం పెడతావా అమ్మా?"

"వద్దులెండి సార్."

ఆయన నవ్వుకుంటూ వెళ్ళిపోయాక ఆమె లాప్‌టాప్ మూసింది.

"మూడు వారాలుగా ఆ చివర్నుంచి ఇక్కడిదాకా దేనికి నడిచొస్తున్నా అనుకున్నారు? ఒట్టి బగ్ కోసమే అయితే మెయిల్ కొట్టి ఊరుకునేదాన్ని!"