గాలిదొర మీద ఫిర్యాదు

“మూడో ట్యాంకుకి గాలి తగ్గించారు కదూ?”

“లేదండీ.”

“మరి నైట్రస్ ఆక్సైడ్ అంకెలు ఇంత పెరిగాయేంటి?”

అడుగుతున్న ల్యాబ్ అమ్మాయి ఆ మురుగునీటి శుద్ధి కేంద్రంలో చేరి పట్టుమని నెల కాలేదు. ట్యాంకుల్లోకి గాలి ఊదే బ్లోయర్లన్నీ నడిపేది జవాబిస్తున్న ఈ ఆపరేటరే. అందుకే అక్కడ అందరికీ అతను గాలిదొర.

“మురుగులోని అమోనియాని సూక్ష్మజీవులు నైట్రేట్‌గా మారుస్తాయి. ఆక్సిజన్ చాలకపోతే దారి తప్పి నైట్రస్ ఆక్సైడ్ వదుల్తాయి. భూమిని వేడెక్కించడంలో అది కార్బన్ డయాక్సైడ్‌కి దాదాపు మూడువందల రెట్లు! కరెంటు మిగుల్తుందని మీరు గాలి కట్టేస్తే...”

“కట్టలేదన్నాగా. మీ బుజ్జి ప్రాణులే అబద్ధమాడుతున్నాయేమో!”

“వాటికి అబద్ధం రాదు. మనుషులకే వస్తుంది.”

అతని ముఖంలో నవ్వు ఆరిపోయింది. గిరుక్కున తిరిగి వెళ్లిపోయాడు.

ఆ కోపంలోనే ఆమె రిపోర్టు రాసిచ్చింది. మేనేజర్ చదివి తల పంకించాడు. “సోమవారం విచారిస్తాను. నిజమైతే ఉద్యోగం ఊడినట్టే.”

చీవాట్లతో సరిపోతుందనుకుంది ఆమె, గానీ ఇంతవరకూ వస్తుందనుకోలేదు. మొన్న వానలో ఆమె మీటరు తడవకుండా గొడుగు పట్టి, తాను తడిసి ముద్దయిన మనిషి అతను. అలాంటివాడు అబద్ధమాడతాడా?

మర్నాడు పొద్దున్నే ఆక్సిజన్ మీటరు పట్టుకుని మూడో ట్యాంకు వంతెన ఎక్కింది. అతను అక్కడే ఉన్నాడు.

“ఇంకో ఫిర్యాదుకా?”

“కాదు. మీరు ఎప్పుడూ చూసే మీటరు ఈ చివరే ఉంది కదా, నేను ఆ చివర కూడా చూస్తాను.”

ఈ చివర ఆక్సిజన్ సరిపడా ఉన్నట్టు రెండు చూపించిన మీటరు, ఆ చివరికి వెళ్లేసరికి సున్నాకి దిగిపోయింది. అతను గబగబా పైపు తెచ్చి, నీళ్లు కొట్టి నురగను పక్కకి తోశాడు. కింద నీళ్లు కదలకుండా ఉన్నాయి. ఒక్క బుడగ లేదు.

“అడుగున గాలి గొట్టాలు పూడుకుపోయాయి,” అన్నాడు నెమ్మదిగా. “నేను పంపిన గాలి ఇక్కడిదాకా రావట్లేదు.”

ఆమె మేనేజర్ గదికి పరుగెత్తింది. “సార్, నా రిపోర్టు తప్పు!”

ట్యాంకు ఖాళీ చేయించారు. గొట్టాల మీద గాలి వదిలే రబ్బరు మూతలకి జిగట పొర పేరుకుని ఉంది. అవన్నీ మార్చాక నైట్రస్ ఆక్సైడ్ అంకెలు దిగొచ్చాయి. ‘ఆపరేటరు తప్పేమీ లేదు’ అని మేనేజర్ సంతకం పెట్టిన కాగితం చూశాకగానీ ఆమెకి ఊపిరి ఆడలేదు.

ఆ కాగితంతోనే బ్లోయర్ల గదికి వెళ్లింది. ఆ హోరులో గట్టిగా అరవాల్సి వచ్చింది.

“క్షమించండి! ఇన్ని రోజులుగా నాకు ముద్ద దిగలేదు!”

“నాకూ అంతే!”

“ఉద్యోగం పోతుందనా?”

“మీరు నన్ను అబద్ధాలకోరు అనుకుంటూ ఉండిపోతారని!”

ఆమె చెవులదాకా ఎర్రబడింది. అతను ఆమెతోపాటు బయటికొచ్చి తలుపు మూశాడు. హోరు తగ్గింది. అతని ధైర్యమూ కాస్త తగ్గినట్టుంది, గొంతు సవరించుకున్నాడు.

“మా అమ్మ మిమ్మల్ని ఆదివారం ఇంటికి తీసుకురమ్మంది.”

“నేనెవరని చెప్పారు?”

“నా మీద ఫిర్యాదు రాసిన అమ్మాయి అని. రాసిన తప్పు తనే వెళ్లి ఒప్పుకుందని కూడా.”

“అయ్యో! ఆవిడేమన్నారు?”

“‘అలాంటి పిల్ల నీకు మళ్లీ దొరకదురా, వదులుకోకు’ అంది.” అతను ఆమె కళ్లలోకి చూశాడు. “నాకూ వదులుకోవాలని లేదు.”

ఆమె చేతిలోని కాగితాన్ని మడిచి అతనికిచ్చింది. తర్వాత మెల్లగా అడిగింది:

“ఆదివారం ఎన్నింటికి రమ్మన్నారు?”