కిల్‌వారా తెల్లరాళ్లు

కిల్‌వారా అనే మా పల్లెలో పాడుబడ్డ క్రైస్తవ మఠం వెనక ఓ చిన్న పొలం ఉంది. చీకటి పడ్డాక అందులోకి మా వైపు ఎవరూ కాలు పెట్టరు. పెడితే దారి తప్పుతారు. గేటు ఎదురుగా కనబడుతూనే ఉంటుంది, ఎంత నడిచినా చేరరు... కోటు విప్పి తిరగేసి తొడుక్కుంటే తప్ప ఆ నేల మనిషిని వదలదంటారు. పసిపిల్లల ఏడుపు వినబడుతుందని కూడా అంటారు. ఎందుకని అడిగితే మాత్రం అందరికీ వేరే పని గుర్తొస్తుంది.

ఇవేవీ డెర్వ్లాకు పట్టలేదు. రోడ్డు పడేలోగా అక్కడ తవ్వి చూడమని పంపిన పురావస్తు బృందానికి ఆమే పెద్ద. ఆమె ధ్యాసంతా పదమూడు వందల ఏళ్ల కిందటి సన్యాసుల మీదే. వాళ్ల గోడ ఎక్కడ, కందకం ఎక్కడ... పొలంనిండా ఉన్న తెల్లరాళ్లు అడ్డమని మొదటి రోజే ఏరించి మూల కుప్ప పోయించింది. ఏ రైతో విసిరేసినవనుకుంది. ఏది ఎక్కడుందో గీసుకోనైనా లేదు.

ఆఖరి వారంలో మొదలైంది. రోజూ తెల్లారేసరికి కుప్పలోంచి కొన్ని రాళ్లు పొలంలోకి తిరిగొచ్చి కూర్చునేవి.

"మన దెయ్యం మనకంటే బాగా పనిచేస్తోంది బాస్," అన్నాడు బృందంలోని లోర్కన్, పార తుడుచుకుంటూ. "పైగా వాన పడ్డా సెలవడగదు."

అందరూ నవ్వారు. కానీ ఆ రాళ్లను మళ్లీ కుప్పలో వేయడానికి ఎవరూ ముందుకు రాలేదు.

చివరి రోజు వచ్చింది. నవంబరు నెల... ఐదింటికే కటిక చీకటి. తెల్లారితే యంత్రాలొచ్చి అంతా పూడ్చేస్తాయి. కొలతల పుస్తకం మరిచిపోయి డెర్వ్లా ఒక్కతే వెనక్కి వచ్చింది.

గేటు దాటి పది అడుగులు వేసిందో లేదో — ఎవరో రొప్పుతున్న చప్పుడు.

ఆగింది. మోకాలెత్తున తెల్లగా ఏదో... దానంతటదే కదిలి వస్తోంది.

అంత చదువుకున్న మనిషీ, గబగబా కోటు విప్పి తిరగేసుకుంది!

"లైటు వేయకమ్మా..." గుసగుస.

గోడ అవతలి ఇంటి ఫెస్టస్ హెస్సియన్. ఎనభై నాలుగేళ్ల ముసలాయన. వంగిపోయి రెండు చేతులా ఓ తెల్లరాయి మోస్తున్నాడు.

"మీరా! ఈ చలిలో ఇదేం పనండీ?"

ఆయన రాయి దించలేదు. "యాభై ఎనిమిదేళ్ల కింద మాకో ఆడపిల్ల పుట్టింది. బాప్తిస్మం కాకుండానే పోయింది. అలాంటి పిల్లలకి చర్చి స్మశానంలో చోటు లేదన్నాడు ఫాదరు. బూట్ల డబ్బాలో పెట్టి, రాత్రిపూట నేనొక్కణ్ణే తెచ్చి ఇక్కడ పాతాను. గుర్తుకి తెల్లరాయి పెట్టా. మా ఆవిడ డెలియాకి చోటు చెప్పలేదు... చెబితే ఇక్కడే పడి ఏడుస్తుందని."

"మరి ఇప్పుడు?"

"దానికింక వారమే ఆయువన్నాడు డాక్టరు. పొద్దస్తమానం ఒకటే అడుగుతోంది — నా బిడ్డనెక్కడ పెట్టావు, అని. రాయి చూసి చెబుదామంటే రాయే లేదు. ఒకటి తెచ్చి పెడతా, నిలబడి చూస్తా... ఇక్కడ కాదనిపిస్తుంది."

డెర్వ్లాకు సిగ్గుతో ఏడుపొచ్చింది. తవ్వి చూద్దామన్న మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఈ మట్టి పసిఎముకల్ని మిగల్చదు. నెలరోజులు తవ్వినా గోరంత ముక్క దొరకలేదు. ఆ సంగతి ఆయనకు చెప్పేసింది. చెప్పక తప్పలేదు.

"అయితే ఏదో ఒక చోటు చూపించి అబద్ధమాడమంటావా?" అన్నాడు ఫెస్టస్.

అంతలో — మూల కుప్పలో రాయి కదిలింది.

మళ్లీ ఇంకొకటి... ఈసారి గోడవైపు నుంచి.

"మీతో ఎవరైనా వచ్చారా?"

"లేదు." ముసలాయన కుప్పవైపు తిరిగాడు. "నేనొక్కణ్ణే వస్తా. రోజుకొక్క రాయే మోయగలను."

డెర్వ్లా టార్చి నొక్కింది.

పొలంలో మనుషులు. ఏడెనిమిది మంది, అందరూ ముసలివాళ్లే, ఒక్కొక్కరి చేతుల్లో ఒక్కో తెల్లరాయి. ఇన్నాళ్లూ ఒకరికి తెలియకుండా ఒకరు దొంగల్లా వచ్చిపోయినవాళ్లు, రేపు పూడ్చేస్తారని ఈ పూట ఒక్కసారే వచ్చిపడ్డారు. వెలుతురుకి కళ్లు చిట్లించి ఒకళ్లనొకళ్లు చూసుకున్నారు.

"విన్నీ... నువ్వూనా?" అన్నాడు ఫెస్టస్.

విన్నీది పోస్టాఫీసులో పని. నెలరోజులుగా డెర్వ్లావాళ్లకు ఉత్తరాలందిస్తూ ఒక్క మాటైనా అనని మనిషి, రాయిని గుండెకు హత్తుకుని తిన్నగా ఆమె దగ్గరికి వచ్చింది.

"ఇవి ఏరించింది నువ్వే కదమ్మా," అంది మెల్లగా. "ఇది ఎక్కణ్ణుంచి తీశారో చెప్పు. అంతే చాలు, వెళ్లిపోతాను."

ఆమె వెనకే తక్కినవాళ్లూ రాళ్లు పట్టుకుని ఒకరి తర్వాత ఒకరు వరసలో నిలబడ్డారు.