ఎవరి తాళం వాళ్ళే తీయాలి

ప్రెస్సు షాపులో ఆమెను అందరూ గుండుసూది అనేవాళ్ళు. మనిషి సన్నం, మాట గుచ్చుకుంటుంది. పొద్దున ఆరు నుంచి రెండింటి దాకా ప్రెస్సు కింద రేకులు పెట్టడం, తీయడం. మూడింటికి ఫ్యాక్టరీ వెనకాల షెడ్డులో మిషన్ల మరమ్మతు క్లాసు. "పొద్దున రేకులు, మధ్యాహ్నం తీగలు, రాత్రికి మాకు మిగిలేది నీ నోరొక్కటే" అని మొగుడు ఏడిపిస్తుంటే కూతురు పడీపడీ నవ్వేది.

డ్రాయింగు, భద్రతా నియమాలు ఆమెకు నల్లేరు మీద నడక. వైరింగు మాత్రం కొరకరాని కొయ్య. అప్పటికే రెండుసార్లు తప్పింది. రేపు మూడోసారి, అదే ఆఖరు. పాసైతే మరమ్మతు విభాగంలోకి వెళ్తుంది. తప్పితే ఓపికున్నన్నాళ్ళూ ఆ ప్రెస్సు కిందే చేతులు పెట్టాలి. ఆమె వరసలో పదివేళ్ళూ మిగిలింది ఆమెకొక్కదానికే. ఆ భయం గురించి ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు.

ఆ రోజు షిఫ్టు దిగగానే తిండి కూడా తినకుండా షెడ్డుకు వెళ్ళింది. క్లాసుకింకా గంట టైముంది. బయట ఎండ మండిపోతున్నా ఆ గదికి కిటికీలు లేవు. ఒక్కటే ట్యూబులైటు. పాత నూనె, తడిసిన గోనెసంచి కలిసిన వాసన. మూలన నేర్చుకునేవాళ్ళ కోసం ఉంచిన పాత ప్రెస్సు ఉంది, మనిషి లోపలికి దూరి బోల్టులు బిగించేంత పెద్దది. దాని మెయిన్ స్విచ్చుకు తుప్పుపట్టిన తాళం వేలాడుతోంది.

మిషను లోపలికి దూరేవాడు ముందు స్విచ్చు ఆపి, దానికి తన తాళం వేసుకోవాలి. ఎవరి తాళం వాళ్ళే తీయాలి. తాళం ఉందంటే మనిషి లోపల ఉన్నట్టే లెక్క. ఈ పాఠంలో గుండుసూదికి నూటికి నూరు వచ్చాయి. అందుకే క్లాసు చెప్పే సారుకు ఫోన్ చేసింది.

"దానికి తాళమేంటమ్మా? నేను వెయ్యలేదే! ముట్టుకోకు, నేను వచ్చి చూస్తా."

"ఎప్పుడొస్తారు సార్?"

"ఎప్పటిలాగే, మూడింటికి."

మూడింటికైతే ఇక సాధన చేసినట్టే! తాళం తీస్తే గానీ వైర్ల పెట్టె తెరుచుకోదు. ఫ్యాక్టరీ ఇచ్చే తాళాలన్నీ చవక సరుకు. ఒకరి తాళంచెవి పదిమంది తాళాలకు పడుతుందని షాపులో అందరికీ తెలుసు, పైకి ఎవరూ అనరు. ఆమె మిషను చుట్టూ తిరిగి, వంగి లోపలికి చూసింది. ఎవరూ లేరు. తన తాళంచెవి పెట్టి తిప్పింది. అంత తుప్పులోనూ ఇట్టే తిరిగింది.

స్విచ్చు వెయ్యకుండానే పెట్టె తెరిచి తీగలు కలపసాగింది. ఒకటి... రెండు... మూడో దాని దగ్గర మామూలుగానే చిక్కుపడిపోయింది.

అప్పుడు వినిపించింది. రేకు మీద గోరు గీసినట్టు... చిన్న చప్పుడు.

ఎలుక అనుకుంది.

"అది కాదమ్మాయ్..."

చెయ్యి ఆగిపోయింది.

"ఎర్ర తీగ... కింది దానికి."

ముసలి గొంతు. ఓపిగ్గా, మెల్లగా... మిషను లోపలి నుంచే వస్తోంది. పారిపోదామనుకుంది. కానీ చెయ్యి ఎర్ర తీగను కింది దానికి బిగించింది. అది సరైనదేనని ఆమెకు ఆ క్షణంలోనే తెలిసిపోయింది.

"తాళం తీసింది నువ్వేనా?"

"తెలియక తీశాను... మళ్ళీ వేసేస్తాను."

"వద్దు." గొంతు దగ్గరికొచ్చింది. "ఇక వెయ్యకు. నీకు రానిది నేను చెప్తా... రేపు కూడా."

వేసెయ్యాలి. నియమం అదే. కానీ ఆమె తన వేళ్ళ వంక చూసుకుంది. తాళాన్ని సంచిలో పడేసుకుని, "సరే" అంది.

లోపల ఏదో బరువుగా కదిలింది. మిషను ముందున్న జాలీ తలుపు కిర్రుమంది. ఆమె కళ్ళు గట్టిగా మూసుకుంది... మెడ మీద వెచ్చటి ఊపిరి తగిలింది... ఆ ఊపిరి ఆమె వెనక్కి జరిగి, అక్కడే ఆగింది.

మూడింటికి సారు వచ్చాడు. "ఏదమ్మా, తాళమన్నావు?"

"నేనే పొరబడ్డాను సార్" అంది.

మర్నాడు ఆ షెడ్డులోనే పరీక్ష. వేరే చోటి నుంచి వచ్చిన పెద్ద పరీక్షకుడు బల్ల ముందు కూర్చున్నాడు. పక్కన సారు. ఆమె తీగలు పట్టుకుంది. తడబడినప్పుడల్లా చెవి పక్కనే... "కింది దానికి..." భయంతో కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నా చేతులు మాత్రం ఆగలేదు. మొదటిసారికే దీపం వెలిగింది.

పరీక్షకుడు మార్కులు వేసి కళ్ళజోడు తీశాడు. "పాసయ్యావమ్మా. ఇక పెద్దాయన్ని ఇంటికి తీసుకెళ్ళు. పాపం, ఇందాకట్నుంచీ నీ వెనకాలే నిలబడి ఉన్నారు."

సారు ఆమె వెనక్కి చూశాడు. అర్థంకానట్టు పరీక్షకుడి వంక చూశాడు.

ఆమె మాత్రం తిరిగి చూడలేదు. ఇంట్లో మొగుడు, కూతురు ఈ కబురు కోసమే కాచుకుని ఉంటారు. గబగబా వెళ్ళి షెడ్డు తలుపు తోసుకుని బయటపడి వదిలేసింది. స్ప్రింగు తలుపు అది, వదిలితే ధడేల్మంటుంది. ఆ చప్పుడు కోసం ఎదురుచూస్తూ పది అడుగులు వేసింది... ఇరవై వేసింది...

తలుపు ఇంకా మూసుకోలేదు.