ఐదో ఓనరు

ఆదివారం... అమావాస్య... పగలు పదకొండు గంటల ఇరవై నిమిషాలు!

క్షుద్రశక్తులు అర్ధరాత్రి మాత్రమే మేల్కొంటాయని నమ్మేవాళ్ళు అమాయకులు. మిట్టమధ్యాహ్నానికి ఉన్న కర్కశత్వం చీకటికి లేదు. బంగాళాఖాతంలో వాయుగుండం కేంద్రీకృతమై ఉంది. విశాఖ పోర్టులో మూడో నంబరు ప్రమాద సూచిక ఎగురవేశారు. కాటుక మేఘాలు తొట్లకొండ మీదికి వంగి ఫెళఫెళమని గర్జిస్తున్నాయి... ఆ కొండ దాటాక, భీమిలి దారిలో, సముద్రానికి ఎదురుగా ఒక ఒంటరి బంగళా. దాని పిట్టగోడ మీద పట్టపగలు ఒక గుడ్లగూబ! అది రెప్ప వేయకుండా కింద నిలిపిన కారునే చూస్తోంది.

నల్లని కారు. విదేశాల్లో తయారైన ఎలక్ట్రిక్ కారు. కొత్తదైతే కోటిన్నర పలుకుతుంది. ముప్పై ఎనిమిది లక్షలకే ఇచ్చేస్తానంటున్నాడు దాని యజమాని రమణమూర్తి. ఇంత చవగ్గా ఎందుకయ్యా అని అడగవలసిన మనిషి, ఆ ఒక్క మాట తప్ప అన్నీ అడుగుతున్నాడు. అతని పేరు తిరుమలరావు. మల్కాపురం వాడు, పోర్టులో క్రేన్లు తిప్పే కాంట్రాక్టరు. ఇరవై ఏళ్ళుగా డీజిలు పొగ మింగి, చెవులు చిల్లులు పడే రొదలో బతికాడు. చప్పుడు చెయ్యని బండిలో బీచ్ రోడ్డు మీద ఒక్కసారి పోవాలన్నది అతని కోరిక. ఆ కోరిక అతని కళ్ళకు గంతలు కట్టేసింది, పాపం!

"అమాస నాడు బండేటి, మీ పిచ్చి గాకపోతే?" అంటూ వెంట వచ్చింది అతని భార్య గౌరీశ్వరి.

"కొనడం నేదులేయే. ఇద్రీస్ బావ సూత్తాడంతే. ఆడికి ఆదివారమే కదా కాళీ."

ఇద్రీస్ విశాఖ పాతనగరంలో మెకానిక్కు. తిరుమలరావుతో చిన్నప్పటి స్నేహం. తండ్రి లారీ ఇంజిన్లు విప్పితే, కొడుకు కాలం మారిందని గ్రహించి ఎలక్ట్రిక్ బండ్ల పని నేర్చుకున్నాడు. పాత బండి కొనేవాళ్ళు అతను చూసి ఊ అన్నాకే అడ్వాన్సు ఇస్తారు.

ఇద్రీస్ ముందు నేల మీద వెల్లకిలా పడుకుని టార్చి వేసి కారు అడుగు చూశాడు. "బాట్రీ కిందనే ఉంటాది బావా. రాయి తగిలి రేకు నొక్కుకుపోతే బండి సగం సచ్చినట్టే. సముద్రం పక్కన బండి కదా, తుప్పు ముందు సూడాలి." తుప్పు లేదు. నొక్కు లేదు. అయితే ఆ రేకుకు చెయ్యి ఆనించిన ఇద్రీస్ ఉలిక్కిపడి వెనక్కి లాక్కున్నాడు. అది వెచ్చగా ఉంది... జ్వరం వచ్చిన మనిషి వీపులా!

టైర్లు చూశాడు. ఇంత బరువైన బండికి టైర్లు తొందరగా అరగాలి. వీటి మీద అరుగుదలే లేదు. ల్యాప్‌టాప్ తగిలించాడు. తొంభై వేల కిలోమీటర్లు తిరిగిన బండి... బ్యాటరీ ఆరోగ్యం నూటికి నూరు శాతం!

"ఎక్కడా ఉండదు ఇలాగ," గొణిగాడు ఇద్రీస్. "కొత్త బండికే నూరు నిలవదు." ఛార్జింగ్ ఎప్పుడెప్పుడు ఎక్కించారో చూపించే పట్టిక తెరిచాడు. నెలకు ఒక్కసారే ఛార్జింగ్ ఎక్కింది. ప్రతిసారీ మధ్యాహ్నం పన్నెండు గంటలకు. ఏ ప్లగ్గు నుంచి ఎక్కిందో ఆ పట్టికలో లేదు... తేదీలన్నీ అమావాస్యలు!

"ఇంకెంతసేపు?" రమణమూర్తి మెట్లు దిగి వచ్చాడు. పట్టుపంచె, నుదుట గాయంలాంటి ఎర్రని బొట్టు, చెరగని మందహాసం. "మరో పార్టీ మద్దిలపాలెం నుంచి బయలుదేరింది, తిరుమలరావుగారూ. వాళ్ళు వస్తే నేను మాట ఇవ్వలేను. పన్నెండు లోపు డెలివరీ లెటర్ మీద సంతకం చేయండి, బండి మీది."

పాత బండి చేతులు మారేటప్పుడు ఆ కాగితం రాసుకోవడం ఆనవాయితీ. ఫలానా తేదీ, ఫలానా గంట నుంచి ఈ బండి తాలూకు జరిమానాలు, ప్రమాదాలు, కేసులు... మంచీ చెడూ సమస్తం కొన్నవాడివే అని! లోకానికి అది మామూలు కాగితం. రమణమూర్తికి మాత్రం మృత్యువును మరొకరి గుమ్మంలోకి తోసే మహామంత్రం.

తిరుమలరావు సంతకం గిలికేశాడు. అతని చేతిరాత అతనికే అర్థం కాదు కాబట్టి మిగతా ఖాళీలు నింపడం గౌరీశ్వరి పని. ఆమె ఫోనులో పంచాంగం చూసుకుని తేదీ, గంట రాసింది. రమణమూర్తి ఆ అంకెలు చూడలేదు. అతని చూపంతా వరండాలోని గోడ గడియారం మీద, పెదవుల మీద బీజాక్షరాలు! కాగితం కింద తన సంతకం పెట్టి, మడిచి నడుమున దోపుకున్నాడు.

"ఇంటి ఇల్లాలు ముందు కూర్చుంటే శుభం. ఎక్కమ్మా."

ఆమె వద్దనలేకపోయింది. ఎక్కింది. తలుపు దానంతట అదే మూసుకుంది.

సరిగ్గా అప్పుడే ఇద్రీస్ ఫోనులో బండి పాత ఓనర్ల వివరాలు తెరుచుకున్నాయి. మొదటి ఓనరు రమణమూర్తి. రెండో ఓనరు ఎవరో విజయనగరం ఆసామి. మూడో ఓనరు... రమణమూర్తి! నాలుగో పేరు అనకాపల్లి వాళ్ళది. ఐదో ఓనరు... మళ్ళీ రమణమూర్తి!!

"బావా! చెల్లెమ్మని దింపీ! ఈడు అమ్మిన బండినే మళ్ళీ మళ్ళీ కొంతన్నాడు! అచ్చిరాకే ఆళ్ళు ఎనక్కి ఇచ్చీసుంటారు!"

గడియారం పన్నెండు కొట్టింది. నింగి రెండుగా చీలినట్టు పిడుగు! గుడ్లగూబ ఘూంకరించింది! అమావాస్య ఆదివారం... యమగండం ప్రారంభమైంది.

కారు అద్దాలన్నీ ఒక్కసారిగా బిగుసుకుపోయాయి. లోపల గౌరీశ్వరి తల వెనక్కి వాలింది... కనుగుడ్లు తేలిపోయాయి... జుట్టు విడివడి ముఖం మీద పడింది. ఆమె గొంతులోంచి ఆమెది కాని కేక వికృతంగా వెలువడింది!

"యేళయిపోనాది... ఈ బండి ఎవుడిదిరా?"

"గౌరీ!" తిరుమలరావు పిడికిళ్ళతో అద్దాన్ని బాదాడు. వేళ్ళు చిట్లి రక్తం కారింది గాని అద్దం పగల్లేదు. బండి, డబ్బు, బీచ్ రోడ్డు... అన్నీ ఆ క్షణంలో అతనికి అసహ్యం పుట్టాయి. ఆమె బయటికి వస్తే చాలు. ఇంకేమీ వద్దు!

రమణమూర్తి రెండు చేతులూ పైకెత్తి భీకరంగా నవ్వాడు. "కొన్నవాడిది! ఏడాదికొక అమావాస్యకు ఈ బండి యజమాని ఇంటినుంచి నీకొక ప్రాణం. అదే కదా మన కట్టడి? ఇతని ఆలి నీ ఒళ్ళోనే ఉంది. గ్రహించు... గ్రహించు!"

గౌరీశ్వరి చేతులు ఆమె గొంతునే నులమసాగాయి.

ఇద్రీస్ కారు ముందుకు పరుగెత్తాడు. ఇలాంటి బండికి ముందు భాగంలో ఇంజిన్ ఉండదు, సామాన్లు పెట్టుకునే అర ఉంటుంది. ఆ ఒక్కటే అతను ఇంకా చూడలేదు. బంపరు పక్కనున్న తీగ లాగితే మూత లేచింది. లోపల నల్లగుడ్డ పరిచి, పసుపు కుంకుమల మధ్య... ఒక పుర్రె! దాని నడినెత్తిన ఇనుప మేకు!

అది అసిరమ్మ పుర్రె. జాలరిపేట నుంచి తట్ట నెత్తిన పెట్టుకుని వచ్చి చేపలమ్మే అసిరమ్మ. మూడేళ్ళ కిందట వేకువజామున రోడ్డు దాటుతుంటే, వెనక నుంచి చప్పుడు లేకుండా వచ్చింది ఈ బండి. ఆమెకు వినబడలేదు. అది ప్రమాదం కాదు. తన సాధనకు పుర్రె కోసం కాపు కాసిన ఆ నరరూప రాక్షసుడు శవాన్ని కూడా ఎవరికీ దక్కనివ్వలేదు, ఆ మేకుతో ఆమె ఆత్మను ఈ బండికే బంధించాడు.

"బిస్మిల్లా," అని ఇద్రీస్ దాన్ని రెండు చేతులతో ఎత్తాడు.

"ముట్టకు!" రంకె వేశాడు రమణమూర్తి. నడుము నుంచి కాగితం తీసి, విప్పి కారు అద్దానికి ఎదురుగా పట్టాడు. "ఆలస్యమెందుకే పిశాచీ? ఇదిగో సాక్ష్యం! బండి ఇక నాది కాదు!"

అసిరమ్మకు చదువు రాదు. ఇంతకుముందు రెండుసార్లూ వాడు చెప్పిందే ఆమె నమ్మింది. ఈసారి ఆ పక్కనే చదువుకున్న మనిషి నిలబడి ఉన్నాడు. ఇద్రీస్ ఆ కాగితం వంక చూశాడు... మళ్ళీ చూశాడు... ఒళ్ళంతా గొంతు చేసుకుని అరిచాడు.

"ఆగమ్మా! నువ్వు సదవలేవు గాని నాను సదివి ఇనిపిత్తాను! ఈ కాగితంలో రాసింది ఇయ్యాల కాదు! బుధవారం, తదియ, పొద్దున్న తొమ్మిది గంటల పది నిమిషాల నుంచి బండి తిరుమలరావుదంట! అమాస నాడు తీసుకోకూడదని చెల్లెమ్మ మంచి రోజు సూసి రాసింది! కిందన ఈడి సంతకమే ఉన్నాది!"

రమణమూర్తి చిరునవ్వు మొదటిసారి చెరిగిపోయింది. కాగితం తిప్పి చూసుకున్నాడు.

"మరి బుధవారం దాకా..." అద్దం వెనక ఆ గొంతు చాలా నెమ్మదిగా అడిగింది. "ఎవుడిదిరా బండి?"

"ఈడిదే!" అన్నాడు ఇద్రీస్.

"మేకు తియ్యి బాబూ."

ఇద్రీస్ జేబులోంచి పట్టకారు తీసి మేకును పట్టి లాగాడు. పుర్రెలోంచి ఒక నిట్టూర్పు... గౌరీశ్వరి చేతులు జారిపడ్డాయి. తలుపు తెరుచుకుంది. భర్త ఆమెను గుండెకు హత్తుకుని బయటికి లాగాడు. ఆమె దగ్గింది... ఊపిరి పీల్చింది... "ఏటండీ, ఏటైనాది?" అంది. ఆ మాట వినగానే అంత మొరటు మనిషీ వెక్కివెక్కి ఏడ్చాడు.

రమణమూర్తి మంత్రం అందుకోబోయాడు. నాలుక పిడచకట్టింది! కనిపించని చేతులేవో అతని పంచె పట్టి ఈడ్చి కారులో పడేశాయి. తలుపులు దభాలున మూసుకున్నాయి. "వదిలేస్తాను... నిన్ను వదిలేస్తాను అసిరమ్మా!" అన్న ఆక్రందన లోపలే కొట్టుకుంటుండగా, కారు చీమ చిటుక్కుమన్నంత చప్పుడు కూడా లేకుండా కదిలింది. గేటును చీల్చింది. ఇసుక దిబ్బ దిగింది.

ఎదురుగా సముద్రం లేచింది! సరుగుడు చెట్ల ఎత్తున, నురగలు కక్కుతూ... ఆత్మలను బంధించినవాడికి ఆ గంగమ్మ తల్లిని బంధించే మంత్రం తెలియదు! ఆమె కడుపున బతికే జాలరి బిడ్డ ఉసురు పోసుకున్నవాడిని ఆమె ఒక్క కెరటంతో అందుకుంది. ఉప్పునీరు బ్యాటరీలోకి దూకింది. నీళ్ళ అడుగున నీలిమంట భగ్గుమంది... నీళ్ళలోనే మండింది... కేకలు ఆగినా చాలాసేపు మండుతూనే ఉంది.

ఆ సాయంత్రం వాన తగ్గుముఖం పట్టాక ముగ్గురూ జాలరిపేటకు వెళ్ళారు. గౌరీశ్వరి ఆ పేటలో ఎన్నడూ అడుగు పెట్టలేదు. అయినా ఎవరినీ దారి అడగలేదు. ఒడ్డుకు లాగిన పడవల మధ్యనుంచి, వలలు తప్పించుకుంటూ తిన్నగా ఒక రేకుల ఇంటి ముందుకు నడిచింది. గుమ్మంలో ఇరవై ఏళ్ళ పిల్ల, సాయిదుర్గ, ఖాళీ తట్ట కడుగుతోంది. తల్లి మూడేళ్ళుగా ఇంటికి రాలేదు. ఎక్కడికో వెళ్ళిందని, ఎప్పటికైనా వస్తుందని ఆ పిల్ల నమ్మకం.

"సేపలైపోనాయమ్మా," అంది తల ఎత్తి. "రేపు రండి."

గౌరీశ్వరి తడినేల మీద ఆమె ఎదురుగా కూలబడింది. కొంగులోని తెల్లగుడ్డ మూటను రెండు చేతులతో ముందుకు చాపింది.

"సేపలకి రాలేదమ్మా," అంది. "మీ యమ్మని తెచ్చినాను."