జంట పడవలో ఎవరి బీటు వాళ్ళది

హౌరా వైపు, మూతబడ్డ జనపనార మిల్లు వెనకాల, గంగలోకి దిగే ఇనుప జెట్టీ ఒకటుంది. పొద్దు వాలాక లాంచీల వాళ్ళు కూడా దాని వైపు తల తిప్పరు. తిప్పితే ఏమవుతుందని అడిగితే, "తిప్పకపోతే పోలా దాదా" అంటారు.

ఆ జెట్టీకే కట్టి ఉండేది రామలింగేశ్వరరావు గారి కాటమరాన్. రెండు సన్నటి పడవల్ని పక్కపక్కన పెట్టి, మీద చిన్న ఇల్లు కట్టినట్టుంటుంది. కుడి పడవలో ఒక పడకగది, ఎడమ పడవలో ఒకటి, నడుమ వంటిల్లు. కాపలా బైరాగిది. వాళ్ళ తాత శ్రీకాకుళం సముద్రంలో తెప్ప మీద వేటకెళ్ళేవాడు. ఆ తెప్పకి నాలుగు దుంగలు ఉండేవి, వంటిల్లు ఉండేది కాదు.

బైరాగికి ముందు కాపలా ఉన్నది నిమాయ్ దా. ఓ వేకువన పడవ కడుగుతూ కడుగుతూ పోటులో జారిపోయాడట. మనిషి దొరకలేదు. కడగడం సగంలో ఆగింది. బకెట్టు మాత్రం పద్ధతిగా బోర్లించి ఉంది...

బైరాగి చేరిన మొదటి రాత్రే, తెల్లవారుజామున, చీపురు చప్పుడు.

సర్ర్... సర్ర్...

పడవలో ఉన్నది తనొక్కడే. ఒడ్డున టీ కొట్టు బల్ల మీదకి ఎప్పుడొచ్చాడో అతనికే తెలీదు. అది రెండేళ్ళ కిందటి మాట. అప్పట్నుంచీ ఆ బల్ల మీదే, తల నిండా దుప్పటి కప్పుకుని, మహా జాగ్రత్తగా పడవని కాపలా కాస్తున్నాడు. పగలు కూడా జెట్టీ చివర నిలబడి చూడటమే.

వింత ఏంటంటే, పడవ మాత్రం అద్దంలా ఉండేది. రావు గారు నెలకోసారి వచ్చి, వేలితో రాసి, దుమ్ము దొరక్క, "కన్నబిడ్డనైనా ఇంత శుభ్రంగా చూసుకోరయ్యా" అనేవారు. బైరాగి తల వంచుకునేవాడు. వినయం అనుకునేవారాయన.

మోకాళ్ళు అరిగాక రావు గారు పడవని అమ్మకానికి పెట్టారు. 'చక్కగా చూసుకున్న పడవ' అని ప్రకటన. కలకత్తా న్యూ టౌన్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మనోజ్ఞ అనే అమ్మాయి వచ్చింది. ఇంజను తిప్పింది, తెరచాపలు విప్పించింది, నేల పలకలెత్తి టార్చి వేసి మరీ చూసింది. ఎక్కడా చెమ్మ లేదు.

"ఇదంతా చూసుకునేదెవరండీ?"

"మా బైరాగే" అన్నారు రావు గారు. బైరాగి గంగలోకి చూశాడు.

"అయితే ఈ రాత్రి ఇందులోనే పడుకుంటాను, ఆయన కూడా ఉండాలి. తేడా లేకపోతే పడవతో పాటు ఆయన్నీ మా విశాఖ తీసుకెళ్తా."

రావు గారు బైరాగిని పక్కకి పిలిచారు. "ఈ బేరం కూడా తప్పిందనుకో, ముక్కలు చేసి తుక్కుకి వేసేయడమే. అప్పుడు నీకు కాయడానికి ఏమీ ఉండదు."

రాత్రి ఆ అమ్మాయి కుడి గదిలో పడుకుంది. బైరాగి వంటింట్లో కూర్చున్నాడు, చేతిలో గరిటెతో. దెయ్యానికి ఏం వడ్డిద్దామనుకున్నాడో తెలీదు.

మూడయింది. ఎడమ వైపు నీళ్ళు కారిన చప్పుడు. పోటు కదా, అనుకున్నాడు.

మూడున్నర... జెట్టీ మీద అడుగులు. పడవ వెంట్రుకవాసి కుడికి ఒరిగింది.

సర్ర్... సర్ర్...

కుడి గది తలుపు తెరుచుకుంది. "బైరాగి గారూ... ఎవరది?" గుసగుసగా అంది మనోజ్ఞ.

"ఎవులూ నేరండి" అన్నాడు బైరాగి. అతని భయం కూడా అదే.

పని పోతే సుందరికి ఏం చెప్పాలో తోచక, దెయ్యానికంటే పెళ్ళానికే ఎక్కువ జడిసి, బయటికి అడుగేశాడు. తెల్ల చీర... వంగిన నడుం... ముసుగు కప్పుకున్న తల... ఆ తల మెల్లగా ఇటు తిరిగింది—

"ఏటి బాబూ, గరిటట్టుకున్నావు? కూర మాడిందేటి?"

అప్పమ్మ. సుందరి తల్లి, బైరాగికి స్వయానా అత్తగారు. ఇక్కడి హౌరా మున్సిపాలిటీలోనే ముప్పయ్యేళ్ళు వీధులూడ్చి రిటైరైంది. మూడింటికి లేచే అలవాటు మాత్రం రిటైర్ కాలేదు.

"నువ్వా అత్తా... రెండేళ్ళుగా?"

"అవును మరి. అల్లుడి పని పోతే నా కూతురు ఏటయిపోద్ది?"

మనోజ్ఞ పగలబడి నవ్వింది. పడవ చూసుకునేది అల్లుడైతేనేం, అత్తగారైతేనేం, శుభ్రం శుభ్రమే కదా అంది. తెల్లారగానే రావు గారికి ఫోన్ చేసి బేరం ఖాయం చేసేసింది. "సామాను తెచ్చుకోండి బైరాగి గారూ. ఎడమ పక్క గది మీదే."

రెండేళ్ళలో మొదటిసారి బైరాగి వెన్ను నిటారుగా పెట్టి నడిచాడు. అప్పమ్మ చీపురు చంకలో పెట్టుకుని వెనకే జెట్టీ దిగింది.

"మొత్తం నువ్వే తుడిసీసేదానివా అత్తా, రెండు పక్కలా?"

"రెండు పక్కలెందుకు? కుడి పక్కే. ఎడమది నీ బీటు కదా."

మున్సిపాలిటీలో ఎవరి వీధులు వాళ్ళ బీటు. ఒకరి బీటులో ఇంకొకరు చీపురు పెట్టరు. ఎంత చెత్త పడున్నా సరే, అది మర్యాద.

"నేనొచ్చేసరికి రోజూ నీది కడిగేసుంటాది. ఈ రోజూ తడి ఆర్నేదు. సగం సేసి ఒగ్గేస్తన్నాడు, బద్ధకిస్టోడు అనుకుని మిగతాది నేను..."

బైరాగి ఆగాడు. అప్పమ్మ అతని మొహం చూసింది. తర్వాత పడవ వైపు చూసింది. ఎడమ అంచున ఇత్తడి కడ్డీ తళతళలాడుతోంది. దాని పక్కన బకెట్టు, పద్ధతిగా బోర్లించి.

ముప్పయ్యేళ్ళ సర్వీసు ఆమెది. చంకలో చీపురు సర్దుకుంది.

"పర్నేదు బాబూ... పని తెలిసినోడే. నీ జోలికి రాడు" అంది. "ఆ ఎడమ గదిలో చెత్త మాత్రం పడీకు."