ఒకే సంచి మిషన్

"స్వెరేని చంపేశారు" అన్నాడు హాల్వార్, ఫ్లాస్కులోంచి కాఫీ వంచుతూ. "సీషెల్స్ దీవుల్లో. పడవల రేవు దగ్గర."

ఏజెంట్ ఐవిన్ కప్పు అందుకోలేదు. బయట నార్వేలోని బెర్గెన్ ఊరి మీద వాన పడుతూనే ఉంది. మంచు మీద జారే స్కీల రిపేరు దుకాణం పైనున్న ఆ ఇరుకు గూఢచారి ఆఫీసుకి బోర్డు లేదు. హాల్వార్ దానికి చీఫ్.

"మరి గున్‌హిల్డ్?"

"బతికే ఉంది. స్వెరేని కలవడానికి రేవుకి వస్తూ దూరం నుంచే చూసి తప్పుకుంది. ఇప్పుడు ఇంకో చిన్న దీవిలో దాక్కుంది. అతన్ని చంపిన ముఠాలో ప్రతి మొహమూ ఆమెకి తెలుసు, అందుకే వాళ్ళు వెతుకుతున్నారు. సాయంత్రం విమానానికి బయల్దేరు. వెళ్ళి తీసుకురా."

ఐవిన్‌కి తుపాకీ పట్టుకోవడం నేర్పింది గున్‌హిల్డ్. మొహంలో ఏమీ కనిపించకుండా అబద్ధం చెప్పడం నేర్పిందీ ఆమే. ఆమె శవాన్ని తీసుకురావాల్సి వస్తే ఈ ఉద్యోగం ఇక తన వల్ల కాదని అతనికి అప్పుడే తెలుసు.

"ఒక్కటి గుర్తు పెట్టుకో" అన్నాడు హాల్వార్. "స్వెరే ఎక్కడికెళితే అక్కడికి వాళ్ళూ వచ్చారు. ఎలాగో తెలీదు. అందుకని సామాను ఒకే సంచి. అది నీ చెయ్యి దాటకూడదు. నీ వేషం పక్షుల్ని చూడ్డానికొచ్చిన రిటైర్డ్ టీచరు. రేవులో ఎవరైనా 'ఇక్కడి కాకులు పాడతాయి' అంటే గున్‌హిల్డ్ మనిషన్నమాట."

ఒకే సంచి అని చెప్పడం తేలికే. సర్దేవాడికి తెలుస్తుంది ఆ బాధ.

స్టోర్స్ గదిలో తోరున్ అప్పటికే బల్ల నిండా సామాను పరిచింది. కెమెరా దాచిన బైనాక్యులర్స్. ఎండకి రాసుకునే క్రీము ట్యూబు, దాని అడుగున రేడియో. తెల్ల గడ్డం, కళ్ళజోడు. ఈత ముసుగు. పక్షుల పుస్తకం. ఇక్కడిదాకా ఐవిన్‌కి అభ్యంతరం లేదు. వాటి పక్కన ఉన్న బూడిదరంగు గుట్టని చూసేసరికి ఒళ్ళు మండింది.

"ఇవేంటి తోరున్?"

"ఉన్ని బనీన్లు. లోపల వేసుకునే ఉన్ని ప్యాంట్లు. మేజోళ్ళు. ఇది దుప్పటి."

"నేను వెళ్ళేది భూమధ్యరేఖ దగ్గరికి. అక్కడ పొయ్యి మీద కూర్చున్నట్టు ఉంటుంది."

"విమానంలో ఏసీ పెడతారుగా. పడవెక్కితే గాలి కొడుతుంది. తడిసిపోయావనుకో, అప్పుడేం చేస్తావ్?"

"తడిస్తే ఆరతాను. ఎండ ఉంటుంది కదా."

"ఉన్ని తడిసినా వెచ్చగానే ఉంటుంది" అంది తోరున్, వాదన అక్కడితో అయిపోయినట్టు. గుట్ట మొత్తం సంచిలోకి కుక్కింది. ఈత ముసుగు బయటికి తన్నుకొచ్చింది. ఐవిన్ బనీన్లు తీసి ముసుగు పెట్టాడు. తోరున్ ముసుగు తీసి బనీన్లు పెట్టింది.

ఈలోగా హాల్వార్ గుమ్మంలోంచి తొంగి చూసి ఒక పొట్లం, ఒక కోటు విసిరాడు. "బ్రౌన్ చీజ్. అక్కడ దొరకదు. ఆ కోటు నాదే, గాలి దూరదు. ఉన్ని పెట్టావా?"

ఐవిన్ పళ్ళు నూరుకున్నాడు. జేబులో ఫోన్ మోగింది. అమ్మ. ఆవిడ లెక్కలో అతను చేపల డబ్బాల కంపెనీ సేల్స్‌మ్యాన్.

"దక్షిణాన ఎండ దేశానికి వెళుతున్నావటగా నాయనా, మీ ఆఫీసుకి ఫోన్ చేస్తే చెప్పారు. ఉన్ని బనీను పెట్టుకున్నావా?"

"అమ్మా, అక్కడ జనం చొక్కాలు కూడా వేసుకోరు."

"వాళ్ళ అమ్మలు చెప్పలేదు కాబోలు. నువ్వు పెట్టుకో."

ఫోన్ పెట్టేసి జిప్పు లాగాడు. సగంలో ఆగింది. మోకాలు వేసి తొక్కి లాగితే పిడి ఊడి చేతికొచ్చింది. గున్‌హిల్డ్ ప్రాణం గుప్పెట్లో పెట్టుకుని కూర్చుంటే తను ఇక్కడ లోదుస్తులతో కుస్తీ పడుతున్నాడు. ఏడుపొక్కటే తక్కువ.

"పక్కకి జరుగు" అన్న మాట వినిపించింది.

విబెకే. తీరప్రాంత శాఖ నుంచి కొత్తగా బదిలీ మీద వచ్చింది. పుట్టి పెరిగింది ఉత్తరాన, మంచు గడ్డకట్టే ఆల్టాలో అని చెబుతుంది. ఆమె గదిలోకొస్తే హాల్వార్ కూడా పొట్ట లోపలికి లాక్కుంటాడు. ఆమె సంచి బోర్లించి, బూడిదరంగు గుట్ట మొత్తం తీసి నవ్వుతూ తోరున్ చేతుల్లో పెట్టింది.

"ఆ ఎండలో ఇవన్నీ ఎవరు వేసుకుంటారు?"

"నేనూ అదేగా పొద్దున్నించీ మొత్తుకుంటున్నది" అన్నాడు ఐవిన్. కళ్ళల్లో నీళ్ళు తిరిగినంత పనయింది.

ఆమె చొక్కాలు చుట్టచుట్టి పేర్చింది. రేడియో ట్యూబు ముసుగులో ఇమిడింది. మిగిలిన చోట తను తెచ్చిన గడ్డి టోపీ బోర్లించింది. "నా తరఫున. మాడు మాడకుండా" అంది. పిడి లేని జిప్పు కూడా ఆమె వేళ్ళకి లొంగింది. ఈ ఆఫీసులో బుద్ధున్న మనిషి ఒకరైనా ఉన్నారని ఐవిన్ మనసు తేలికపడింది.

కింద టాక్సీ హారన్ కొట్టింది. మెట్లు దిగి, వానలో టాక్సీ తలుపు తెరిచి, అక్కడే ఆగిపోయాడు.

ఒక్క బనీనైనా లేకుండా ఎలా?

తన మీద తనకే చిరాకేసింది. ఇంతసేపూ గొంతు చించుకున్నది తనే. అయినా కాలు టాక్సీలో పడలేదు. విమానంలో ఏసీ. పడవ మీద గాలి. ఒక్కటి తీసుకుంటే ఏం పోయింది? తిట్టుకుంటూ మళ్ళీ మెట్లెక్కాడు.

"ఒక్కటి ఇవ్వు" అన్నాడు తోరున్‌తో, చూపు తప్పించి.

ఆమె ఎగతాళి చెయ్యలేదు. "నువ్వైనా వచ్చావు. స్వెరే సంచిలోంచి తీసినవి అలాగే ఉండిపోయాయి ఇక్కడ."

"తీసిందెవరు? స్వెరేనా?"

"కాదు. విబెకే సర్దింది అతనికి కూడా."

ఐవిన్ సంచి బల్ల మీద పెట్టాడు. ఇంతమందిలో, చివరికి తనతో సహా, చెయ్యి వణక్కుండా ఉన్ని బనీను బయటికి తీయగలిగింది ఒక్క విబెకే. అదీ ఆల్టాలో పుట్టిన మనిషి. జనవరిలో ఆల్టా ఎలా ఉంటుందో ఒంటికి తెలిసినవాళ్ళు ఒక్కటైనా ఉంచమంటారు. సంచి తెరిచి ఆమె ఇచ్చిన టోపీ అంచు చింపాడు. గడ్డి మధ్య వెంట్రుకంత తీగ, చివర మనిషి ఎక్కడున్నాడో చెప్పే గింజంత బీకన్.

పక్క గదిలో విబెకే కిటికీ దగ్గర నిలబడి ఫోన్‌లో టైపు చేస్తోంది. ఐవిన్ తలుపు తోసి ఆమె మణికట్టు పట్టుకున్నాడు. తెరమీద మాటలు కనిపించాయి: బయల్దేరాడు, టోపీ వెంట వెళ్ళండి. ఆమె బొటనవేలు బటన్ మీదే ఉంది. అతను మణికట్టు మెలితిప్పాడు. ఫోన్ నేల మీద పడింది. సందేశం వెళ్ళకుండా అలాగే మిగిలింది.

హాల్వార్ తుపాకీతో పరుగెత్తుకొచ్చేసరికి ఆమె కుర్చీలో కూర్చుని జుట్టు సర్దుకుంటోంది.

"ఎలా తెలిసింది?" అంది.

"ఉన్ని బట్టలు తీసేశావు."

"మండే ఎండల్లోకి వెళుతున్నావు. బుర్ర ఉన్నవాళ్ళెవరైనా తీసేస్తారు."

"ఎవరైనా తీసేస్తారు" అన్నాడు హాల్వార్ దిగులుగా. "ఇక్కడివాళ్ళు తప్ప."

టోపీ లేకుండా ఐవిన్ విమానం అందుకున్నాడు. అతన్ని ఎవరూ వెంబడించలేదు. రేవులో చేపలు అమ్మే ఒకావిడ ఇక్కడి కాకులు పాడతాయంది. ఆమె పడవలో తాటాకు గుడిసె దాకా వెళితే, లోపల నుంచి ఎండకి కమిలిపోయి, చిక్కి సగమైన గున్‌హిల్డ్ బయటికొచ్చింది. ఐవిన్ ఆమెని గట్టిగా కావలించుకున్నాడు. మొహంలో ఏమీ కనిపించకుండా ఉండటం ఆ క్షణాన అతనికి చేతకాలేదు.

"స్వెరేని పట్టించింది ఎవరు?" అని అడిగిందామె, పడవలో.

ఐవిన్ చెప్పాడు.

"ఎలాంటి మనిషి?"

సంచి పగిలిపోయేట్టు ఉబ్బి అతని ఒళ్ళో కూర్చుంది. తోరున్ చివరి నిమిషంలో ఉన్ని బట్టలన్నీ మళ్ళీ కుక్కింది. మంచినీళ్ళ సీసా దుప్పటి అడుగున ఎక్కడో ఉంది. మోచెయ్యి దాకా దూర్చినా దొరకలేదు. ఐవిన్ చెమట తుడుచుకున్నాడు.

"మన ఆఫీసు మొత్తంలో సంచి సర్దడం వచ్చింది ఆవిడ ఒక్కదానికే" అన్నాడు.