మోదుగులబాయి కాడి తెల్లచీర

పాన్‌గల్ దాటినంక గుట్ట కింద మోదుగులబాయి అని ఒక పాడుబడ్డ బాయి ఉన్నది. మొదటిసంది దానికి మంచి పేరు లేదు. దానియేలు పీనుగ అండ్ల దొరికినంక అయితే, పొద్దుగూకితే ఆ దిక్కు పోయేటోడే లేడు. తెల్లచీర కట్టుకున్న ఆడమనిషి బాటకడ్డం నిలబడ్తదట... "రాకు... రాకు..." అని గొణుగుతదట.

దానియేలు మేకలు కాసేటోడు. తప్పిపోయిన మేకను ఎతుక్కుంట, కుక్కను తోల్కొని మునిమాపుకు పోయిండు. తెల్లారి బాయిల దొరికిండు.

"దెయ్యమే గుంజింది," అన్నరు ఊరోళ్లు. బాయి పక్క చేను సుదర్శన్‌ది. ఆయనే పెద్దమనిషి లెక్క ముంగట నిలబడి, కోతకని దవాఖానకు గూడ తీస్కపోనీయకుంట, పొద్దుగాలనే పూడ్పిచ్చిండు.

దానియేలు అక్క వసంతకు మాత్రం కడుపు మండిపోయింది. తమ్మునికి నీళ్లు పోసి తుడిసింది ఆమెనే. పిక్క మీద నల్లగ కాలిన గీత... తన కండ్లతోని చూసింది. మూడోనాడు కుక్క ఇల్లు చేరింది. దాని మూతి మీద గూడ గట్లాంటి గీతే!

"దెయ్యం వాతలు పెడ్తదా?" అని నలుగురిట్ల అడిగింది.

"తమ్ముడు పోయిండని దిమాకు ఖరాబైనట్లుంది," అని సుదర్శన్ నవ్విండు. చుట్టున్నోళ్లు గూడ నవ్విండ్రు.

ఆ నవ్వు ఆమెకు మంట మీద కిరసనాయిలు పోసినట్లయింది. నెల సంది తమ్ముని మేకలు ఆమే కాస్తుంది. ముందు నడిచే పోతుమేక కంపనైనా వదలదు. అసొంటిది సుదర్శన్ పల్లిచేను గట్టు కాడికొస్తే చాలు, కాళ్లు తన్నిపెట్టి నిలబడ్తది. కొడితే గూడ కదలదు. నాలుగు దినాలు చూసింది వసంత. ఐదోనాడు చీకటి పడంగనే కుక్కను తీస్కొని ఒక్కతే బయలెల్లింది.

గాలి లేదు. పురుగు సప్పుడు లేదు. చేను దిక్కు మాత్రం... సన్నగ, జుయ్యిమని...

బాటకడ్డం తెల్లగ ఏదో లేసింది.

"రాకు... రాకు..."

వసంత ఉన్నకాడ్నే ఆగింది. కాని కుక్క మొరగలే. తోకూపుకుంట ఆ తెల్లచీర కాళ్ల కాడికి పోయింది!

వసంత ఫోన్ లైటు మొఖం మీద కొట్టింది.

రేణుకమ్మ. సుదర్శన్ పెండ్లాం.

"అడుగు ముందుకెయ్యకు వసంతా," గుసగుసగ అన్నది. "పందులకని తీగకు కరెంటు పెట్టిండు. నీ తమ్ముడు దాన్నే తొక్కిండు... ఇంకెవ్వరు సావొద్దని గిట్ల భయపెడ్తున్న. ఈ కుక్కకు గూడ రోజు ఇంత బువ్వేసి ఎనక్కి తోల్తున్న."

"మరి ఊర్ల ఎందుకు చెప్పలే?" వసంత గొంతు చీరుకపోయింది. "నా తమ్మున్ని దెయ్యం పాలు జేసిండ్రు! నెల్నాళ్లు నోరు మూసుకోని చీర కట్టుకున్నవా?"

"మొగుడే..."

"నాకు తమ్ముడే!"

రెక్క పట్టుకోని, ఏడుస్తున్న మనిషిని అట్లనే టేషన్‌కు నడిపిచ్చింది. బాట పొడుగునా తిడ్తనే ఉంది. పోలీసులు జీపేస్కోని పోయి సుదర్శన్‌ను ఇంట్ల మంచం మీదికెల్లి లేపుకొచ్చిండ్రు. తీగ గూడ దొరికింది.

"తొక్కంగనే పానం పోయింది సార్," అని సుదర్శన్ చేతులు జోడిచ్చిండు. "భయానికి పీనుగను బాయిలేసిన. అంతే."

రేణుకమ్మ అప్పటిదాంక గోడకు ఒరిగి ఉన్నది. మెల్లగ తలెత్తింది.

"అబద్ధం. నేను చేను కాడికి బువ్వ తీస్కపోయిన యాళ్లకు ఈయన ఈడ్సుకపోతుండు. నీళ్లల పడ్డంక ఆ పిలగాడు..."

వసంత దిక్కు చూడలేకపోయింది.

"...'అక్కా' అని రెండుసార్లు పిలిసిండు."